గోడతో మాట్లాడితే క్లచ్చు పడదు

ఏందప్పా వినీతూ, కారును అట్ల తోసుకుంటా వస్తాండావ్? గేరు పడ్తాలేదా? రా, ఈడ నీడలో పెట్టు. క్లచ్చు ప్లేటు పోయిందన్నాడా? ఎవురు, నంద్యాల మెకానిక్కా? ఫోన్లోనే చెప్పేసినాడా! ఫోన్లో నాడి పట్టే వైద్యుడు దొరికినాడులే నీకు. ఇంజిను అరుస్తా బండి మాత్రం లాగకుంటే ప్లేటు అనుకో. నీదట్ల కాదు గదా, పెడలు నేలకు పోతాంది, గేరు గర్రుమంటాంది. ఇది క్లచ్చు ఆయిలు కత. బానెట్టు ఎత్తి ఆయిలు డబ్బీ చూడు. తగ్గిందా? తగ్గిందంటే యాడనో కారతాంది. పెడలు మీద చెయ్యి పెట్టి తడుము, తడి తగిలితే పై సిలిండరు కారతాన్నట్ల. గేరుబాక్సు కాడ తడి ఉంటే కింది సిలిండరు. యాడా తడి లేకుండా, నాలుగు తొక్కులు తొక్కినాక పెడలు లేచొస్తే లోపల గాలి చేరినట్ల. నాకెట్ల తెల్సా? పుల్లయ్య చెప్పిందే. నువ్వు పుట్టకముందే పోయినాడులే. అదో, ఆ ఎదురిల్లే ఆయప్పది.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు జీపు తోలేటోడు. మనిషి బంగారం, నోరు మాత్రం ఎండుమిరపకాయ. ఆ జీపు ఎట్ల కొన్నాడనుకున్నావ్? పెండ్లాము రామసుబ్బమ్మ పుట్టింటి నుంచి తోలుకొచ్చిన బర్రెను ఆయమ్మకు చెప్పకుండా అమ్మి కొన్నాడు. ఇంగ చూస్కో! ఆ పొద్దు నుంచి మొగుడూ పెండ్లాలకు మాటల్లేవు. మాటల్లేవంటే అస్సలు లేవని కాదప్పా, గోడతో మాట్లాడుకునేటోళ్లు. "ఓ గోడా, సంగటి చేసినా, తింటే తినమని చెప్పు" అని ఆయమ్మ. "ఓ గోడా, ఉప్పు ఎక్కువైందని చెప్పు" అని ఈయప్ప. ఏండ్లకేండ్లు అదే కాపురం. పిల్లలన్నా ఉంటే మద్దెన మాటలు మోసేటోళ్లు, అదీ లేకపాయె. మాకు మాత్రం మంచి కాలక్షేపం.

ఆ, యాడున్నా? ఒక పొద్దు ఆయమ్మ పుట్టినూరు గడివేముల నుంచి కబురొచ్చింది. రామసుబ్బమ్మ నాయనకు కడుపులో పుండు పగిలింది, నంద్యాల ఆస్పత్రిలో వేసినారు, మధ్యాన్నం ఆపరేషను, బతికేది నమ్మకం లేదు, కడసారి చూస్కునేటోళ్లు తొందరగా రండి అని. ఆ పొద్దే బంద్. బస్సు లేదు, ఏమీ లేదు. ఆయమ్మ ఏడ్చుకుంటా వచ్చి జీపులో కూచుంది. ఎన్నడూ దాని గుమ్మం తొక్కని మనిషి! పుల్లయ్య క్లచ్చు తొక్కితే నేలకు పాయె. కిందికి దూరి చూస్తే కింది సిలిండరు రబ్బరు చినిగింది. కొత్త రబ్బరు ఉండాది, వేసినాడు. అయితే లోపలికి గాలి పోయుంటాది గదా, అది తియ్యల్ల. ఒకరు పైన పెడలు తొక్కి పట్టుకోవల్ల, ఒకరు కింద సిలిండరుకుండే చిన్న మర, నిప్పిలు అంటారు, దాన్ని విప్పి గాలి వదిలి బిగించల్ల. బిగించేదాకా పైన కాలు తీయగూడదు, తీస్తే బయటి గాలి మల్లా పీల్చుకుంటాది. వీధిలో మొగోళ్లంతా బంద్‌లో ఉండారు. నేనా, కాలు ఇరిగి కట్టుతో అరుగు మీద ఉండా.

ఇంగ చూడు సంబడం. కింద నుంచి పుల్లయ్య, "ఓ టైరూ, పెడలు తొక్కమని చెప్పు." పై నుంచి ఆయమ్మ, "ఓ స్టీరింగూ, తొక్కినానని చెప్పు." ఈయప్ప విప్పినాడు, బుడగలు వస్తాండాయి. "ఓ టైరూ, నేను బిగించేదాకా కాలు తీయగూడదని ఆయమ్మకు..." ఆ మాట పూర్తయ్యేలోపల ఆయమ్మ కాలు తీసేసి వంగి, "ఓ స్టీరింగూ, ఏమంటాండాడో గట్టిగ చెప్పమను" అంటాది. గాలి మల్లా లోపలికి! ఎన్నిసార్లు చేసినా అదే రామాయణం. నాకు నవ్వాగలా, కట్టు పట్టుకోని నవ్వుతాండా. అంతలో చూస్తే ఆయమ్మ ముఖం... స్టీరింగు మీద తల పెట్టి "నాయనా, నాయనా" అని వెక్కిళ్లు పెడ్తాంది. నా నవ్వు ఆడనే ఆగిపాయె.

కింద పుల్లయ్యకూ వినపడింది. ఒక్క అరుపు అరిసినాడు, "సుబ్బీ! తొక్కు! వదలాకు నా తల్లీ, నేను చెప్పేదాకా వదలాకు!" వీధంతా దద్దరిల్లింది. ఆయమ్మ ఉలిక్కిపడి తొక్కి పట్టింది. "తొక్కినా, విప్పు!" "బిగించినా, వదులు!" "మల్లా తొక్కినా!" టపటపా మాటకు మాట. బుడగలు పోయినాయి, ఆయిలు దారగా వచ్చింది, పెడలు రాయి మాదిరి గట్టిపడింది. "అయిపాయె సుబ్బీ, వదులు" అన్నాడు. ఆయమ్మ వదలదే! పెడలు నొక్కిపట్టి, కండ్లనీళ్లు కార్చుకుంటా, "ఇంగొకసారి పిలువు" అనింది. పుల్లయ్య కింద పండుకోనే, ముఖమంతా ఆయిలు, "సుబ్బీ, రా పోదాం. మామ ఎదురుచూస్తాంటాడు" అన్నాడు.

టయానికి అందుకున్నారు, అందుకున్నారు. చక్రాల మంచం మీద ఆపరేషను గదికి తోస్తాండారంట ఆ పెద్దాయనను. కూతుర్ని చూసి, "బస్సుల్లేవు గదమ్మా, ఎట్లొచ్చినావ్?" అన్నాడంట. "మా ఆయప్ప తెచ్చినాడు నాయనా" అనిందంట. నలుగురిలో, పుల్లయ్య దిక్కు చెయ్యెత్తి చూపించి. పెద్దాయన సాయంత్రం దాటలేదప్పా. కూతుర్ని, అల్లుణ్ణి పక్కపక్కన చూసి పోయినాడు, అది చాలు. పుల్లయ్య ఆ ఒక్క మాట ఈ అరుగు మీద కూచోని ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. "మా ఆయప్ప అనింది చూడు, మా ఆయప్ప అని..."

...

ఊ. నువ్వు ఎక్కి కూచో. నాలుగు తొక్కులు తొక్కు, పెడలు లేస్తాదేమో చూద్దాం.