హాస్టలుకు పోయే వంకాయలు

చిట్యాల పక్కన ఒక పల్లె, 1961. పంచాయతీ సమితి సొమ్ముతో హాస్టలు పిల్లలకు ఆ ఊరి రైతుల దగ్గరే కూరగాయలు కొంటున్నారు. ఇంట్లో జానయ్య, అతని భార్య గోపమ్మ.

“నీ వదిన నడక జూసినవా?”

“వదిన నడకకేమైంది?”

“బీరమ్మక్క నడుస్తలేదు, ఊరేగుతాంది. హాస్టల్ల గంప దించినంక గూడ నెత్తి మీది చుట్టబట్ట తియ్యది. ఊరంత సూడాలె గద.”

“మర్శిపోయి ఉంటది.”

“రోజూ మర్శిపోతదా? వార్డెను సారు బీరమ్మగారూ అంటడట. గారూ. నిన్నెవలన్న జానయ్యగారూ అన్నరా?”

“నాకెందుకు. జర అన్నం పెట్టు.”

“పెడ్త. వంటామె బిక్షమ్మ ఎదురొచ్చి గంప దించుతదట. వంకాయలు వెన్న తీరుగున్నయంటదట. మన వంకాయలు తినలే గద, పాపం.”

“ఊఁ.”

“ఊఁ ఏంది? ఆమెకు హాస్టలు ఇంటెనకనే. నువ్వేమో వాసిన మోకాలుతోని చిట్యాల అంగడి దాంక మోస్తున్నవ్.”

“హాస్టలుకు కూరగాయలిచ్చేటోళ్ల పేర్లు రాసుకునేటందుకు గ్రామసేవక్ మనింటికి గూడ వచ్చిండు.”

“ఇగ సురు జేసినవా.”

“నువ్వే గద, బాయి ఎండింది, తోటల ఏం లేదని రాపిచ్చింది.”

“సర్కారోడు పుస్తకం పట్టుకోని, ఏం పండుతది, ఎంత పండుతది అంటే నాకేమెర్క? నైజాం నాటి లెవీ అనుకున్న. మా నాయిన గింజలు గుంజుకపోయినోళ్లు గూడ గిట్లనే అడిగిన్రు. గంపెడు వంకాయలు గడ్డి కింద దాసిన.”

“వంకాయలకు లెవీ ఉంటదా?”

“నవ్వకు. నీ వదిన నవ్వింది సాలు.”

“పేరు మళ్ల రాపిచ్చుకోమని చెప్పింది గూడ ఆమెనే.”

“ఆమె చెప్తే నేను పోవాల్నా? అయినా ఇయ్యాల పోయిన.”

“ఏడికి?”

“హాస్టలుకు.”

“పేరు రాపిచ్చుకునేటందుకా?”

“ఆమె పేరు కొట్టేపిచ్చేటందుకు.”

“ఏమంటున్నవ్?”

“మొన్న మేకలు తోలుకోని ఆమె బాయి దిక్కు పోయిన. వంకాయ చెట్లన్ని మాడిపోయినయి. ఉత్త పుల్లలు. మరి రోజూ గంపెడు వంకాయలు ఏడికెల్లి వస్తున్నయి?”

“ఏడికెల్లో వస్తయి. అన్నం పెడ్తనన్నవ్.”

“నీకెర్కనా?”

“నాకెట్ల ఎర్కయితది. పచ్చిపులుసు ఉందా?”

“చిట్యాలల కొనుక్కొచ్చి ఇస్తాంది. ఎవల చేన్ల పండింది వాళ్లే తేవాలె, కాయిదంల గట్లనే ఉన్నదట. సారుకు చెప్పిన. వేలిముద్ర గూడ ఏసిన.”

“ఏసినవా?”

“రెండేసిన. ఒకటి సక్కగ పడలే.”

“సారేమన్నడు?”

“రేపటి సంది ఆమె గంప లోపటికి రానియ్యనన్నడు. గట్ల కూసున్నవేంది? వదిన కోసం బుగులు పట్టిందా?”

“నేను చిట్యాల అంగడికి పోక నెల దాటింది.”

“మరి పొద్దుగాల గంప ఎత్తుకోని ఏడికి పోతున్నవ్?”

“వదిన దొడ్లెకు. మన వంకాయలు ఆమె గంపల పోసి వస్త. వచ్చిన పైసలన్ని నా చేతులనే పెడ్తది. గోపమ్మకు చెప్పకు మరిదీ, మనసు కష్టపెట్టుకుంటది అన్నది గూడ ఆమెనే.”