చొక్కా గుండీలు ఎవరు పెడతారు?

1991 జూలై ఎనిమిదో తేదీ ఉదయం ఆకాశం కురవాలా మానాలా అని ఎటూ తేల్చుకోలేకపోతోంది. ఆ మబ్బు వెలుతురులోనే, గొడుగు తెరవకుండా చంకన పెట్టుకుని, మన ఎముకల డాక్టరుగారు ఈ ఆసుపత్రిలో సహాయ శస్త్రవైద్యులుగా బాధ్యతలు స్వీకరించారు. నాడు ఆయనకు మాటలు తక్కువ. ఈ నెలాఖరున పదవీ విరమణ చేయబోతున్న నేటికీ అంతే.

తొలి సంవత్సరాలు ప్రమాద చికిత్సా విభాగంలో గడిచాయి. భుజం కీలు తప్పి ఎవరు వచ్చినా, నాడి ఆడుతున్నదా, భుజం బయటివైపు స్పర్శ తెలుస్తున్నదా అని పరీక్షించి, ఎక్స్‌రే తీయించి, మత్తిచ్చి, బలవంతం లేకుండా ఎముకను గూటిలోకి చేర్చడంలో ఆయన సిద్ధహస్తులు. అయితే అసలు ప్రజ్ఞ కనిపించేది ఆ తర్వాతే. యువకులకు భుజం మళ్లీ మళ్లీ జారుతుంది గనుక తరచు ఆపరేషనే మేలనీ, నడివయసు దాటినవారికి కండరాన్ని ఎముకకు కలిపే తంతువు తెగిందేమో ముందు చూడాలనీ, వృద్ధులకు చాలావరకు కొన్నాళ్లు కట్టు, ఆపై వ్యాయామం సరిపోతాయనీ గ్రంథాలు చెబుతాయి. జూనియర్లు అదంతా అప్పజెబితే విని, "ఆగుదాం" అంటూ రోగి మంచం పక్కన కూర్చోవడం ఆయన పద్ధతి. విభాగాధిపతులైనాక కూడా అది మారనందున జూనియర్లు చాటున "ఆగుదాంగారు" అని పిలుచుకునేవారు. ఒకనాడు లిఫ్టు ఎంతకీ రాకపోతే, "దీనికీ నా పేరే పెట్టారా?" అని ఆయనే అడిగారు.

ఆయన సహధర్మచారిణి కాలం చేసిన మరుసటి ఏడు, ఇళ్లకు రంగులు వేసే యువకుడొకడు భుజం పట్టుకుని వచ్చాడు. అది జారడం నాలుగోసారి. గూటి అంచు అరిగిపోయిందని స్కాన్ చెప్పింది. ఆపరేషన్ తప్పదని జూనియర్లు నిశ్చయించారు. డాక్టరుగారు మంచం పక్కన కూర్చున్నారు.

"ఇంట్లో ఎవరెవరున్నారయ్యా?"

"నేనూ, నిచ్చెనా, రంగు డబ్బాలూ సార్."

"ఆపరేషనయ్యాక కొన్ని వారాలు చెయ్యి కట్టేసి ఉంచాలి. చొక్కా గుండీలు ఎవరు పెడతారు?"

"గుండీల్లేని చొక్కా కొనుక్కుంటా."

"అది తలమీంచి తొడుక్కోవాలి. చెయ్యెత్తావంటే నేను చేసిందంతా ఊడొస్తుంది."

అతడు నవ్వడం మానేశాడు. "అట్లాగని వదిలేస్తే ఎట్లా సార్? ఇంకోసారి చెయ్యి జారిందంటే నిచ్చెన ఎక్కనియ్యనన్నాడు మా మేస్త్రీ. నాకు వేరే పని రాదు."

ఆపరేషన్ జరిగింది. కుట్లు విప్పిన తర్వాత కూడా డాక్టరుగారు అతణ్ణి ఇంటికి పంపలేదు.

"ఇది ఆసుపత్రా, సత్రమా?" అన్నారు సూపరింటెండెంటుగారు.

"విప్పింది కుట్లే కదండీ. కట్టు విప్పాక పంపిస్తాను."

ప్రతి ఉదయం రౌండ్సుకు ముందే వచ్చి, అతని చొక్కా గుండీలు ఆయనే పెట్టేవారు. వార్డు సిస్టరుగారు చూసి చూసి, "మేమున్నాం కదా సార్, మీకెందుకీ పని?" అన్నారు.

"ఇంట్లో పెట్టేవి నా ఒక్కడి గుండీలే కదమ్మా. ఇక్కడికొస్తే పొద్దున్నే ఎవరితోనో ఒకరితో మాటాడినట్టుంటుంది."

ఆ మాటతోగాని ఆయన ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో మనలో ఎవరికీ తెలియలేదు. యువకుని భుజం నిలిచింది, నిచ్చెనా నిలిచింది. డాక్టరుగారు మళ్లీ తమ మౌనంలోకి వెళ్లిపోయారు.

మొన్న అభినందన సభ ఏర్పాట్లు చెప్పబోతే సిస్టరుగారితో ఆయన అన్నారట: "అందరూ నిండు నూరేళ్లు బతకమంటున్నారమ్మా. ఎవరితో బతకాలో ఒక్కరూ చెప్పట్లేదు."

ఎన్నో భుజాలను స్వస్థానానికి చేర్చిన ఆ చేతులకు బలమూ, దేహానికి ఆరోగ్యమూ, ఆయుర్దాయమూ సమృద్ధిగా లభించాలని సహోద్యోగులందరమూ మనసారా కోరుకుంటున్నాము. ఆయన అడిగినదానికి మాత్రం మా కోరిక జవాబు కాదు. అందుకే నిన్న మధ్యాహ్నం సిస్టరుగారు సిబ్బంది భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ జరిపి, "రిటైరయ్యాక కూడా భోజనానికి ఇక్కడికే రండి సార్" అన్నారు.

ఆయన "ఆగుదాం" అనలేదు. కూర్చున్నారు. తన టిఫిను డబ్బా మూత తీసి ఆమెవైపు జరిపారు. ఆమె కొంచెం వడ్డించుకుని, తన డబ్బా ఆయనవైపు జరిపారు. ఒకరొకరుగా అందరూ వచ్చి చేరారు. భోజనం ముగిశాక కూడా ఎవరూ ముందుగా లేవలేదు.