ఇవ్వని పావుగంట

ఎవరా? ఇందాక టీవీలో, ఆ స్టేషన్ సీన్లో టోపీ తీసి పక్కకి తప్పుకున్నాడే, అతనా? బాగానే పట్టావు కెర్రీ. అందరూ ఆ హీరోయిన్నే చూస్తారు. కూర్చో, కూర్చో, ఆ పళ్ళెం అక్కడ పెట్టు, చల్లారితే చల్లారింది, మీ అమ్మకి మాత్రం వేడివేడిగా తిన్నానని చెప్పు. ఆదివారం మధ్యాహ్నం ఈ పాత సినిమాలు వేసినప్పుడల్లా ఒకదాన్లో పోలీసు, ఒకదాన్లో బట్లరు, ఇంకోదాన్లో శవపేటికలు చేసేవాడు, ఎక్కడో చూశానే అనిపిస్తాడు చూడు, ఆయనే. హొరేస్ టిడ్‌మార్ష్. మేం టిడ్డీ అనేవాళ్ళం. ఆయన పేరు తెలిసినవాడు ఈ దేశంలో ఉండడు, ముఖం తెలియనివాడూ ఉండడు. బస్సెక్కితే జనం "మీరు మా మేనమామ పక్కింట్లో ఉండేవారు కదండీ" అనేవాళ్ళట. "అవునండీ, మావయ్యగారు కులాసానా?" అనేవాడట ఈయన. కాదని చెప్పి వాళ్ళని చిన్నబుచ్చడం ఎందుకంటాడు. ఆయన అసలు సీను ఇంకా రాలేదులే. వచ్చినప్పుడు చెప్తాను, అప్పుడు మాత్రం నోరు మెదపకు.

అప్పట్లో నేను ఆ స్టూడియోలో లైట్ల వాళ్ళకి యూనియన్ మనిషిని. నవ్వకు, జుట్టుండేది నాకు. పైన, కప్పు కింద, చెక్కబల్లల మీద నిలబడి కింద వాళ్ళ మీద లైట్లు తిప్పేవాళ్ళం. పెద్ద నటులు తాము ఆగాల్సిన చోటు తెలియక నేల మీద సుద్దగీత కోసం చూసుకునేవాళ్ళు. టిడ్డీ కిందకి చూసేవాడే కాదు. దీపం వేడి చెంపకి ఎక్కడ తగులుతుందో అక్కడ ఆగేవాడు, అంతే. ఆగి, కనుబొమ్మ ఇలా పైకెత్తేవాడు, మాకు దణ్ణం అన్నమాట. అలాంటి మనిషికి పాతికేళ్ళూ ఏం మాటలిచ్చారనుకున్నావ్? "కారు సిద్ధంగా ఉందండీ." "అమ్మగారు ఇంట్లో లేరండీ." ఇంతే. అదీ హీరో ముఖం, హీరోయిన్ ముఖం షాట్లన్నీ తీయడం అయ్యాక, సాయంత్రం అందరికీ ఇంటి యావ పట్టినప్పుడు, చివర్న ఈయన్ని పిలిచేవాళ్ళు. అలాంటిది ఈ సినిమాలో... ఏదీ, ఆ సౌండు కాస్త తగ్గించు, ఆ ప్రేమ పాట నాకు గిట్టదు... ఈ సినిమాలో ఆయనకి పేజీ నిండా మాటలిచ్చారు. రైలు ప్రమాదంలో కుర్రాడు పోతాడు. వాళ్ళమ్మ, అంటే ఈ హీరోయినే, స్టేషన్లో పోయిన సామాన్లుంచే గదికొస్తుంది కొడుకు కోటు కోసం. అక్కడ గుమాస్తా మన టిడ్డీ. ఆ కుర్రాణ్ణి ఆఖరిసారి చూసింది తనే, ఎలా నవ్వాడో, ఏం అడిగాడో ఆవిడకి చెప్పాలి. వారం రోజుల నుంచీ అదే ధ్యాస. క్యాంటీన్లో సాసేజీలు ముందు పెట్టుకుని పెదాలు కదుపుతుండేవాడు, గ్రేవీ మీద పొర కట్టేది. "విల్ఫ్, మా ఆవిడ పోయిందిగానీ, ఉంటే ఇది వినేది" అన్నాడొకసారి నాతో. మళ్ళీ పెదాలు కదపడం మొదలెట్టాడు.

ఇక్కడే వచ్చింది తిరకాసు. సాయంత్రం గంట కొడితే మా పని బంద్. షాటు మధ్యలో ఉంది, ఇంకాస్త కావాలంటే కంపెనీవాళ్ళు నన్నడగాలి, నేను మా వాళ్ళనడగాలి, చేతులెత్తితే పావుగంట ఇస్తాం. ఎప్పుడూ ఇచ్చేవాళ్ళమే. ఆ వారం ముందు మాత్రం పెర్సీ అని మావాడు, ముగ్గురు పిల్లలు వాడికి, పైనుంచి పడి తుంటి విరక్కొట్టుకున్నాడు. ఆ బల్లకి చేపట్టు కమ్మీ లేదని నేను నెలక్రితమే మొత్తుకున్నాను. కంపెనీ ఏమందో తెలుసా? వాడే చూసుకోలేదు, వాడిక రానక్కర్లేదు అంది. సరే, పెర్సీని మళ్ళీ పనిలోకి తీసుకునే దాకా ఒక్క నిమిషం ఎక్కువ చెయ్యం అని అందరం మాటనుకున్నాం. మాట తప్పేది నేనే అయితే ఎలా? యూనియన్ మనిషిని.

ఆ రోజు సంగతి విను. మర్నాడు పొద్దున్నే వడ్రంగులొచ్చి ఆ గది సెట్టు పీకేస్తారు, అక్కడ ఎవరిదో వేరే సినిమాకి నాట్యమందిరం లేవాలి. అంటే టిడ్డీ సీను ఆ సాయంత్రం అయితే అయినట్టు, లేకపోతే సినిమాలోనే లేదు. లాంగ్‌డేల్ అని డైరెక్టరు, మంచివాడే గానీ హీరోయిన్ ముఖం దగ్గర ఆయనకి లోకం తెలీదు. మధ్యాహ్నం నుంచీ ఆవిడ కన్నీళ్ళే తీశాడు. ముందు మెరవలేదట, తర్వాత మరీ మెరిశాయట. టిడ్డీ పొద్దున్నించీ ఆ గుమాస్తా కోటు తొడుక్కుని స్టూలు మీద కూర్చునున్నాడు, నలుగుతుందని వీపు ఆనించకుండా. నేను పైనుంచి గడియారం వంకా, ఆయన వంకా. చివరికి సెట్టు సర్దేసరికి గంట కొట్టడానికి చిటికెడు టైమే మిగిలింది. లాంగ్‌డేల్ తల పైకెత్తి, "విల్ఫ్, పావుగంట అడుగు, నీకు పుణ్యముంటుంది" అన్నాడు.

నేను మావాళ్ళ వంక చూశాను. రెజ్ అనేవాడు, పెర్సీకి తోడల్లుడు, ముక్కు మీద కోపం వాడికి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు నా ముఖంలోకి చూస్తున్నారు. నేనడిగితే ఎత్తుతారు, నాకు తెలుసు. అందరికీ టిడ్డీ అంటే ప్రాణం. ఎత్తాక సోమవారం పెర్సీ ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి? నోరు తెరవబోయాను. అప్పుడు కిందనుంచి టిడ్డీ, ఆయన గొంతు ఎలా ఉండేదంటే, ఇలా, మెత్తగా, "విల్ఫ్, అడగకు నాయనా. నాకోసం మాత్రం అడగకు. పెర్సీ పిల్లలు నాకూ తెలుసు" అన్నాడు. లాంగ్‌డేల్ ముఖం ఎర్రబడింది. "అయితే మాటలు తీసెయ్ హొరేస్. టైం లేదు. కోటు ఇచ్చెయ్, ఆవిడ ముఖం తీసుకుంటాను, చాలు" అన్నాడు. వారం రోజులు నెమరేసిన పేజీ, కెర్రీ. ఆయన "అలాగే సార్" అన్నాడు. నాకైతే లాంగ్‌డేల్ నెత్తిన లైటు పడేయాలనిపించింది, ఉన్నమాట.

దీపాలు వెలిగించాం. కెమెరా నడిచింది. టిడ్డీ అరలోంచి కోటు తీసి బల్ల మీద పెట్టాడు. ఇచ్చెయ్యాలి కదా? ఇవ్వలేదు. కాలరు సర్దాడు. కింది గుండీ పెట్టాడు. తర్వాత దానిపైది. చలిలో బడికి పంపే పిల్లాడికి పెడతామే, అలా, నింపాదిగా. ఆవిడ చెయ్యి చాచి అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నమంతా రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆవిడకి, నిజం ఏడుపు. ఇంకా పైన రెండు గుండీలున్నాయి. గంట కొట్టింది.

పైన అందరూ నా చెయ్యి వంక చూస్తున్నారు. రెజ్ కూడా. వాడి కళ్ళలోనూ నీళ్ళున్నాయి, ఇంకొక్క క్షణం ఆగితే ఏమనేవాడూ కాదు. నేను నా లైటు ఆర్పేశాను. ఏం, అలా చూస్తావేం? ఆర్పాను. చెప్పాను కదా, మాటంటే మాట. ఇవాళ అదే జరిగినా ఆర్పుతాను. నా తర్వాత రెజ్, తర్వాత అటు చివరివాడు, ఒక్కొక్కటే ఆరుతూ వచ్చింది. ఆయన చెయ్యి ఆపలేదు. చీకటి మీదకొస్తుంటే పై గుండీ వేళ్ళతో తడుముకుని పెట్టాడు, కోటు మీద ఇలా రెండుసార్లు తట్టాడు. అంతే, చిమ్మచీకటి. పత్రికల వాళ్ళు ఏం రాశారో తెలుసా? ఆ చీకటి లాంగ్‌డేల్ ప్రతిభట. గంట మోత మీద సౌండువాడు రైలు కూత అతికించాడు. పెర్సీనా? తీసుకున్నారు, పది రోజులకి. కుంటుతూ వచ్చాడు. బల్లలకి కమ్మీలు కూడా వేశారు.

కాదు, ఊరికే పోలేదు ఆ మాటలు. అదే చెప్పబోతున్నాను. పెద్దవాళ్ళంతా కార్లెక్కి పోయారు. మేం నిచ్చెనలు దిగి కోట్లు తొడుక్కుంటున్నాం, ఒక్క బల్బు వెలుగుతోంది, ఎవరూ ఆయన వంక చూడలేకపోతున్నాం. రెజ్ వెళ్ళి ఆయన ముందు చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. "ఇప్పుడు కానివ్వండి టిడ్డీ గారూ. ఇది మా సొంత టైము" అన్నాడు. ఒక్కొక్కరే వెళ్ళి కూర్చున్నాం. మా ఆవిడ డోరీన్ ఇంట్లో నా తిండి పొయ్యి మీద మాడ్చేసింది ఆ పూట, అది వేరే కథ. ఆయన లేచి, కోటు మళ్ళీ బల్ల మీద పెట్టి, మొత్తం చెప్పాడు. ఒక్క మాట పోలేదు. కంపెనీకి ఇవ్వని పావుగంట ఆయనకిచ్చాం. ఇచ్చాం అంటున్నాను, పుచ్చుకున్నది మేమే. ఆ చలికాలంలోనే పోయాడు ఆయన. ఆ మాటలు విన్నవాళ్ళలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.

ఏం చెప్పాడా? ఆ కుర్రాడు వచ్చి కిటికీ దగ్గర నిలబడి, మీ దగ్గర... ఉండు. సౌండు పెంచు. అరలోంచి కోటు తీస్తున్నాడు.