జంక్‌లో పడ్డ ఇంజినీరు

పశువుల ఆసుపత్రి వెనక గది. కంప్యూటరు ముందు వదిన. ఊళ్లో చాలా ఆఫీసుల మెయిళ్లు చూసుకునేది ఆవిడే. వెనక నిలబడి తొంగి చూస్తున్నది ఆవిడ ఆడపడుచు, ఇక్కడి డాక్టరు.

“ల్యాబు రిపోర్టులు దొరికాయిగా వదినా, చాలు. ఆ జంక్ మెయిళ్లలో ఇంకా కిందికి పోకు.”

“ఉండమ్మాయ్. ఇదేంటి? ‘అరుదైన అవకాశం! వెంటనే జవాబివ్వండి!’”

“ఎవడో లాటరీవాడు. తీసిపారెయ్.”

“లాటరీవాడి కుక్క కాలికి నువ్వెందుకు కట్టు కట్టావ్?”

“ఏదీ? జరుగు. జరుగు వదినా!”

“ఓహో, వంతెనల ఇంజినీరుగారా! మొహం ఎర్రబడిందేం?”

“ఎండకి.”

“గదిలోనా?”

“అబ్బా, చదవనీ. బదిలీ అయిందట వదినా. చాలా దూరం. ‘మీరు ఉండమంటే ఉండిపోతాను, శుక్రవారంలోగా చెప్పండి. అందాకా వచ్చి ఇబ్బంది పెట్టను’ అని. అందుకా రావడం మానేసింది!”

“శుక్రవారమంటే ఎల్లుండేగా.”

“మెయిళ్లు జల్లెడపట్టే నీ దిక్కుమాలిన మిషను ఆయన్ని దొంగల్లో కలిపేసిందా?”

“కలపలేదు. ప్రతి మెయిలుకీ మార్కులేస్తుంది. ‘అరుదైన’, ‘అవకాశం’, ‘వెంటనే’, పైగా ఆ ఆశ్చర్యార్థకాలు. గీత దాటాడు, పక్కన పడేసింది. అంతేగానీ ఆయన్నుంచి పాఠం మాత్రం నేర్చుకోలేదు.”

“పాఠమేంటి?”

“పచ్చి మోసమని తేలినవాటి నుంచీ, నిక్షేపంలాంటి మంచివాటి నుంచీ మాత్రమే తనంతట తను నేర్చుకుంటుంది. మధ్యలో ఊగేవాటి జోలికి పోదు. తన అనుమానాన్నే పాఠంగా చదువుకుంటే రేపు ఇంకా పెద్ద తప్పు చేస్తుంది కదా? అలాంటివాటి సంగతి మనిషే చెప్పాలి.”

“తెలివైందే.”

“నీకంటే నయం. నువ్వు అనుమానం నుంచి తప్ప ఇంక దేన్నుంచీ నేర్చుకోవు.”

“వదినా!”

“సర్లే, జవాబు రాయి. ఏంటలా నిలబడిపోయావ్?”

“నిన్న ఆయనకి ఒకటి రాశాను.”

“ఏమని?”

“ఏదో, మామూలుగా.”

“మామూలుగా అంటే?”

“‘చెప్పాపెట్టకుండా మాయమయ్యే మనుషులు నాకక్కర్లేదు, మళ్లీ మొహం చూపించకండి’ అని.”

“ఆశ్చర్యార్థకాలు పెట్టావా?”

“పెట్టాను.”

“ఎన్ని?”

“వేలు నొప్పెట్టేదాకా. వదినా, వదినా, ఆ వంతెనల ఆఫీసు మెయిళ్లు చూసేదీ నువ్వేగా? నాదీ జంక్‌లో పడుండొచ్చుగా?”

“పడింది.”

“హమ్మయ్య! బతికాను. ఇంక దాన్ని కదపకు, అక్కడే ఉండనీ.”

“ఎక్కడుందమ్మాయ్? పొద్దున్నే జంక్‌లోంచి తీసి చదివేసి నాకు ఫోన్ చేశాడు. ‘తిట్లయితే తిట్లేనండీ, ఆవిడ రాసింది ఇంకెప్పుడూ ఇందులో పడకూడదు. ఆ ముక్క మీ మిషనుకెలా నేర్పాలి?’ అని.”