ఆదివారం అంగి

దశరథ తాత ఎట్ల పోయిండని అడుగుతున్నవా సంపతూ? జర ఇటు జరుగు, ఎండొస్తుంది. దశరథ నా సొంత తమ్ముడు గదా. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఇద్దరం బస్తాలు మోసేటోళ్లం. ఆ ఉప్పుడు బియ్యం వాసన బట్టలకు పడితే పోయేది కాదురా... ఆఁ, కూలి పెంచమని సమ్మె చేస్తే ఎవడో రాయి ఇసిరిండు, మేనేజర్ తల పగిలింది. మా ఇద్దరి పేర్లు రాసిండ్రు. కేసు కోర్టుల కొట్టేసిండ్రు గానీ రౌడీషీటు పోలె. మిల్లు ఇడిసి సూర్యాపేటకొచ్చినా అది మా ఎంటే వచ్చింది. ఆదివారం పొద్దుగాల స్టేషన్‌కు పోవాలె, చేతులు కట్టుకొని నిలవడాలె. ఓట్లొచ్చినా, వినాయకుని ఊరేగింపు లేచినా ముందు మమ్ములనే పిలుస్తరు. నెత్తి నెరిసినదాక గదే బతుకు.

ఇగ ఒకనాడు కొత్తగొచ్చిన ఎస్సై సారు మమ్ముల కుర్సీల కూసోబెట్టి, "పెద్దాయనా, మీ షీట్లు ఎత్తేసినం, ఇగ రాకుండ్రి" అన్నడు. నేను దండం పెట్టి బయటికొచ్చిన. దశరథ నమ్మలె. "కుర్సీ ఏసిండంటే ఏదో ఉన్నదే అన్నా" అన్నడు మెల్లగ. మళ్లా ఆదివారం తెల్లంగి తొడుక్కొని పోయిండు. గేటుకాడి పోలీసాయన నవ్వి పంపిచ్చిండు. ఐనా వారం వారం పోవుడే. మీ చిన్న నాయినమ్మ గోపమ్మకేమో సిగ్గు. ఉన్నది ఒక్కటే తెల్లంగి, ఒక ఆదివారం దాన్ని సర్ఫు నీళ్లల్ల నానేసింది. పాపం, మంచికే చేసింది. ఆయన బనీను మీద వాకిట్ల తిరుగుడే తిరుగుడు. అప్పుడే పోలీసు జీపొచ్చి గల్లీల ఆగింది. డ్రైవరు పెన్‌పహాడ్ తొవ్వ అడుగుతుండు, గంతే. నేనే చెప్పిన. ఎనకకు తిరిగి సూస్తే దశరథ లేడు. గోడ దునికి పత్తి చేన్లకు ఉరికిండు. మేం పోయేసరికి సాళ్లల్ల బోర్ల పడున్నడు. దవాఖానకు తీస్కపోతే గుండె ఆగిందన్నరు.

గప్పటిసంది నాకు భయం పట్టుకుందిరా, దాచుడెందుకు. నా షీటు గూడ ఎత్తేసిండ్రు, నాకెరికే. ఐనా ఆదివారమొస్తే తెల్లంగి తొడుక్కుంట. పోయి ఆ గేటుకాడ జరసేపు నిలవడొస్తే గాని నిమ్మలం కాదు. మీ అమ్మకు నచ్చదు, నలుగురు నవ్వుతరంటది. నవ్వనీ. ఇయ్యాల ఆదివారమే గదా? దండెం మీది నా తెల్లంగి అందుకో. లేదా? సరిగ్గ సూడు, రాత్రి నేనే ఏసిన.

సంపతూ... ఆ బకెట్ల నానుతున్నది ఎవరి అంగిరా?