దత్తాత్రిని వెలివేసిన రోజు

సభాధ్యక్షులు రాఘవేంద్ర గారికి, మగ్గాలు ఆపి వచ్చిన పెద్దలకు, బీడీల చాటలు పక్కన పెట్టి వచ్చిన అక్కాచెల్లెళ్లకు, మిత్రులకు నమస్కారం.

నన్ను తిరుగుబాటు కవి అన్నారు, తత్వవేత్త అన్నారు, ఇంత పెద్ద శాలువా కప్పారు. చద్దర్లు నేసే ఊళ్లో ఈ శాలువా ఎక్కడ కొన్నారో మాత్రం చెప్పలేదు. (నవ్వులు) నవ్వండి రాఘవేంద్ర గారూ, తర్వాత నవ్వలేరు.

నలభై అయిదేళ్ల కిందట ఈ మరాఠీ గడ్డ మీద, మన కుంఠా నాకా కూడలిలో నేనూ, నా మిత్రుడు దత్తాత్రీ కలిసి 'మగ్గం మాట' ఉద్యమం మొదలుపెట్టాం. మరాఠీ కలిసిన మన తెలుగు కల్తీ అని పండితులు వెక్కిరిస్తే, ఆ కల్తీలోనే కవిత్వం రాస్తామని, భాష పని చేసేవాడి సొత్తని, దానికి కాపలాదారు అక్కర్లేదని గల్లీ గల్లీ తిరిగి చాటాం. పన్నెండు మందిమయ్యాం. పద్దెనిమిదేళ్లకు అశోక్ చౌక్‌లో జరిగిన సమావేశంలో దత్తాత్రి మరాఠీలో రాసిన కవిత తీశాడు. నేను చదవనివ్వలేదు.

"నా బిడ్డ మరాఠీ బడికి పోతది భావూ. అది చదువకుంటే ఇగ ఎవరి కోసం రాయాలె?" అన్నాడు.

"అట్లయితే ఇయ్యాల్టి సంది నువ్వు మనోడివి గావు" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు నచ్చాయి కూడా.

ఇరవై ఆరేళ్లు రెండు గల్లీల దూరంలో ఉండి మేం మాట్లాడుకోలేదు. మిగిలినవాళ్లలో కొందరు పోయారు, కొందరు రాయడం మానేశారు. నా కవిత నేనే చదువుకుని, బాగుందని నేనే అనుకునేవాణ్ణి. మొన్న వానాకాలం దత్తాత్రి పోయాడు. వెళ్తే, గుమ్మంలో ఆయన కూతురు నమ్రత అంది: "కాకా, మీ ఇంటి ముందటికెల్లి పోయేటప్పుడు నాయిన రోజూ సైకిల్ దిగి నడిచేటోడు. ఎందుకే అంటే, పిలుస్తడేమో అనేటోడు."

ఆ సైకిల్ చప్పుడు నాకు లోపలికి వినిపించేది. ఒక్కనాడూ పిలవలేదు. కల్తీ అన్నవాళ్ల మీద తిరగబడ్డవాణ్ణి, నా మిత్రుణ్ణి అదే నెపంతో వెలివేశాను.

వాళ్ల నాయన మరాఠీ కవితలు ఈ వేదిక మీద చదవమని నమ్రతను బతిమాలాను. "నాయిన బతికున్నప్పుడు పిలువలే గదా కాకా. నేను రాను" అంది.

రాలేదు. న్యాయమే. మీరంతా వచ్చారు, హాలు నిండింది, మీకు కృతజ్ఞుణ్ణి. కవిత చదవమని మాత్రం ఈరోజు నన్ను అడగకండి. సెలవు.