ధీరేన్ బాబు పసుపుబెల్లం చెక్క

ఎవలు, ధీరేన్ బాబా? కూసో బిడ్డా, చెప్త. గోడకు ఆనుకోకు, సున్నం అంటుతది. ఆ బాబు ఒంటికి సున్నం అంటని దినం నేనైతే సూడలే. అరువై అయిదుల అనుకుంట, వచ్చిండు. తూర్పు పాకిస్తాన్ మనిషి. ఆడ గడబిడలైతే ఒక్క ట్రంకుపెట్టె పట్టుకొని ఎట్లెట్లనో తిరిగి బోధన్‌ల తేలిండు. షుగర్ ఫ్యాక్టరీల చెరుకు బండ్లు తూచే కాటా కాడ పని. తెలుగు రాదు, ఉర్దూ వంకర. కాటా కాడ బాబుతోని పనిచేసే మా రాజమల్లు ఉర్దూ గూడ వంకరనే గనుక ఇద్దరికి మంచిగ కుదిరింది. ఒగలు చెప్పింది ఒగలకు తెల్వకున్నా ముచ్చట మాత్రం ఆగకపోతుండె.

పని దిగినంక బాబు బొమ్మలు చేస్తుండె. బొమ్మలంటే దేవుడు, ఆవు, అట్ల గాదు. పాత తలుపు చెక్క మీద గోనెసంచి అతికి, దాని మీద చెరుకు పిప్పి, బూడిద, పసుపు, సున్నం మందంగ మెత్తుడు. బంక కొననీకి పైసల్లేవు, గందుకని బెల్లం పాకమే బంక. ఇదేంది బాబు అంటే, "సూసుడు గాదు, చెయ్యి పెట్టు" అంటుండెనట. రాజమల్లు చెయ్యి పెట్టి, "మా ఇంటిది అలికిన వాకిలి గిట్లనే ఉంటది, దానికి ఎవ్వలు దండెయ్యరు" అన్నడట. ఆ వాకిలి అలికింది ఎవలు సూసిండ్రో రాజమల్లునే అడగాలె.

యాడున్న? ఆఁ. హైద్రాబాద్‌ల బొమ్మల పోటీ వెట్టిండ్రు. అండ్ల ఏదన్న బహుమతొస్తే డ్రాయింగ్ సార్ కొలువిస్తమని నిజామాబాద్‌ల ఒక బడోళ్లు మాటిచ్చిండ్రు. ఉండనీకి అర్ర గూడ. అర్ర దొరికితే కలకత్తా దిక్కు శరణార్థుల క్యాంపుల ఉన్న తల్లిని తెచ్చుకోవచ్చు. ఆమెను సూడక మూడేండ్లాయె. గందుకని నాలుగు నెలలు ఒక్క చెక్క మీదనే కూసున్నడు. దాని మీద వాళ్ల ఊరి నది రావాలెనట. మెత్తుడు, నచ్చక గీకుడు, మళ్ల మెత్తుడు.

గప్పుడే నేను రుద్రూర్ నుంచి చెరుకు తోలుకొచ్చిన. కాటా కాడ ముప్పై బండ్ల లైను. నా పుల్లెద్దుకు పొద్దటిసంది దగ్గు. ఎద్దుకు దగ్గొస్తే మనమేం పెడ్తం? పసుపు, బెల్లం. సూస్తే గోడకు చెక్క ఆనిచ్చి ఉంది, ఎండకు. పసుపు, బెల్లం, మీదికెల్లి పిప్పి. ఎవలో పుణ్యాత్ముడు ఎడ్ల కోసం పెట్టిండనుకున్న. బాబు బొమ్మల సంగతి రాజమల్లు చెప్పంగ ఇన్నదే గని, నేను అప్పటికి ఒక్కటి సూడలే. రాజమల్లు చెప్పింది ఇంటే ఏనుగు గూడ ఎలుకనే అనుకుంటం. ఎద్దు పగ్గం తెంపుకుందని ఊర్ల చెప్పిన. నీకు నిజం చెప్తున్న, ఇప్పి తీసుకపోయింది నేనే. మందు గద అని, ఎద్దు నాకుతుంటే చెక్క కదలకుండ పట్టుకున్న గూడ.

బాబు వచ్చి సూసిండు. తెల్లారి బస్సుకు ఆ చెక్క పోవాలె. చెక్క ముంగట కూసున్నడు. "బాబు, దగ్గుండె" అన్న. ఇంకేమంట? లేచి, ఎద్దు నాలుక పోయిన జాడల అరచెయ్యి పెట్టిండు. పైకెల్లి కిందికి తెచ్చిండు. మళ్ల తెచ్చిండు. "భాయ్, ఎద్దును ఇంకోసారి పట్కరా. గీడ జరంత ఒంపు తిరగాలె" అన్నడు. పట్కపోయిన. పుల్లెద్దు మూతి తిప్పుకుంది. కడుపు నిండితే ఎవల మాట ఇంటది? నవ్విండు బాబు. నాలుక జాడ నిండ సున్నపు తేట పోసి, ఆరినంక గోనెల చుట్టిండు.

మొదటి బహుమతి గుర్రం బొమ్మకు ఇచ్చిండ్రు. బాబుది మూడోది. బడోళ్లకు మూడైనా సాలాయె. ఎండకాలంల తల్లి రైలు దిగింది. కండ్లు అప్పటికే మసక. నేను నిజామాబాద్‌ల వాళ్ల అర్రకు పోయిన రోజు, పోటీ నుంచి తిరిగొచ్చిన ఆ చెక్క కాడ నిలవడి ఉంది. పైకెల్లి చెయ్యి జరుపుకుంట జరుపుకుంట వచ్చి, బాబు ఒంపు అడిగితే ఎద్దు మూతి తిప్పుకున్న కాడ ఆగింది. వాళ్ల భాషల ఏందో అన్నది. ఏమన్నదని బాబును అడిగిన. "మనిల్లు గీ ఒడ్డునే ఉండె అంటుంది" అన్నడు. చెయ్యి తియ్యలే ఆమె.

ఏంది? ఎద్దు దగ్గా? రెండ్రోజులకు తగ్గింది. ఆ చాయ ఇటియ్యి, సల్లారుతుంది.